అల్లుడుగారి స్పీకర్ల కాళ్లు

మా అల్లుడుగారి స్పీకర్లు బల్ల మీద పెట్టుకునే బుల్లి డబ్బాలు కావు. నేలమీద నిలబడేవి, ఒక్కొక్కటీ నా భుజం దాకా వస్తుంది. ఇంటికి తెచ్చిన రోజున ఇద్దరు మగవాళ్లు మోయలేక మెట్ల మలుపులో ఆగి రొప్పుతుంటే, ఎదురింటావిడ తలుపు తీసి "బీరువాలా వదినా?" అని అడిగింది. "కాదమ్మా, పాటలు" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి తలుపేసుకుంది.

అంత బరువు పెట్టెలకి కింద కాళ్లు ఉండాలిట. ఉత్తినే నేలమీద ఆనిస్తే పెట్టె అదురు నేలకి పాకి, నేల అదురు గోడకి పాకి, పాటంతా బురద బురదగా వినబడుతుందిట. అందుకని అడుగున నాలుగు మూలలా కాళ్లు బిగిస్తారు. మేకుల్లా మొన తేలిన కాళ్లుంటాయి, వాటిని స్పైకులంటారు. వాటి మొన దిగి నేల పాడవకుండా ఇత్తడి బిళ్లలు వేస్తారు. మెత్తగా బొద్దుగా ఉండే రబ్బరు కాళ్లూ ఉంటాయి. ఇవేవీ నచ్చనివాళ్లు రాతి పలక మీద నిలబెట్టుకుంటారు. నాకిదంతా ఎలా తెలుసంటారేమో, ఏళ్ల తరబడి కూతురింట్లో ఆ సోఫాలో కూర్చుని వింటున్నాను. వినక ఎక్కడికి పోతాను.

ఆయన ఉద్యోగమే అది. పెద్ద స్పీకర్లమ్మే షాపులో వినిపించే మనిషి. కొనడానికొచ్చినవాళ్లని కూర్చోబెట్టి వినిపించాలి, కొన్నాక వాళ్లింటికెళ్లి ఏ గోడకి ఎంత ఎడంగా పెట్టాలో, కింద ఏ కాళ్లు వెయ్యాలో తేల్చి, బిగించి రావాలి. షాపులో అందరూ ఆయన్ని చెవిగారు అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరా అని వెతుక్కుంటారు. అలాంటి చెవి అది. పెళ్లైన కొత్తలో మా ఇంటికొచ్చినప్పుడు, వంటింట్లో నేను మా అమ్మాయితో గుసగుసగా "అల్లుడుగారికి మాట కాస్త తక్కువేమోనే" అన్నాను. హాల్లోంచి ఆయన "ఎక్కువైతే మీకే ఇబ్బంది అత్తయ్యా" అన్నారు. ఆ తర్వాత ఆ మనిషి ఇంట్లో ఉంటే నేను మనసులో అనుకునేది కూడా మెల్లిగా అనుకునేదాన్ని.

స్పీకరు కాళ్లు బిగించడంలో ఆయన పద్ధతి ఎవరికీ రాదు. స్పైకుని మరలోకి తిప్పి, పైన నట్టు వేసి, పానాతో కాస్త బిగిస్తారు. తర్వాత పెట్టె నెత్తిన పిడికిలితో ఒక్కటి వేసి వింటారు. నట్టు వదులుగా ఉంటే సన్నగా ఇంగుమంటుందిట. మళ్లీ కాస్త తిప్పి, మళ్లీ ఒక్కటి. ఆ ఇంగు చచ్చిపోయిందా, ఇంక వెంట్రుకంత కూడా తిప్పరు. తిప్పితే మర అరిగిపోతుందిట. షాపులో మిగతావాళ్లకి, చాలు అన్న చోట టిక్కుమని ఆగిపోయే పానా ఒకటుంది. ఆయన దాన్ని ముట్టుకునేవారు కాదు. "గుడ్డివాడి చేతికర్ర అది, నాకెందుకు" అనేవారు. 

షాపులో ఏ కొత్తరకం కాళ్లొచ్చినా ముందు మా ఇంటికి రావాల్సిందే. ఆదివారం పూట మా ముగ్గుర్నీ, అంటే నన్నూ మా అమ్మాయినీ మనవరాల్నీ, సోఫాలో వరసగా కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనేవారు. మా మనవరాలు కాలేజీ చదువుతోంది. నోటికి తాళం లేదు కాబట్టి ఇంట్లో టపాకాయ అంటాం. పాట పెట్టి, ఆపి, కాళ్లు మార్చి, మళ్లీ అదే పాట పెట్టి "ఇప్పుడెలా ఉంది?" అని అడిగేవారు. మా అమ్మాయి "బాగుందండీ" అనేది. టపాకాయ "రెండూ ఒకటే నాన్నా" అనేది. నేను "ఇందాకటికంటే దివ్యంగా ఉంది బాబూ" అనేదాన్ని. ఒకసారి అలాగే అంటే "అత్తయ్యా, ఇంకా మార్చలేదు" అన్నారు. అందరం పడీపడీ నవ్వాం. ఆయనా నవ్వారు. నవ్వారు గాని, తర్వాత కూడా నన్ను అడగడం మానలేదు, నేను దివ్యంగా ఉందనడం మానలేదు. అల్లుడు అడిగితే అత్త బాగాలేదంటుందా ఎక్కడైనా.

పోయిన ఏడాది నుంచి ఆయనకి మనసు మనసులో లేదు. పాట మసకబారింది అనేవారు. ఫ్లూటుకి ఊపిరి వినబడటంలేదు, తీగ మీద గోరు వినబడటంలేదు అని గొణుక్కునేవారు. తప్పు కాళ్లదే అన్నారు. రబ్బరు తీసేసి స్పైకులు వేశారు. అవి తీసి రాతి పలకలు తెప్పించారు. ఆ పలకలు మోసుకొచ్చినప్పుడు మా అమ్మాయి "ఇంక సిమెంటు బస్తా ఒకటి తెండి, ఇల్లే కట్టేద్దాం" అంది. అవీ నచ్చలేదు. మళ్లీ స్పైకులే. మొన ఎంత సన్నగా ఉంటే పాట అంత తేటగా వస్తుందని ఒక నమ్మకం పట్టుకుంది ఆయన్ని. కొన్నవాళ్లిళ్లలో కూడా రబ్బరు మాటెత్తనివ్వకుండా స్పైకులే బిగించి రావడం మొదలెట్టారు.

అప్పుడే మొదలైంది ఆ చిర్రు. పాటలో మద్దెల ఢమ్మన్నప్పుడల్లా దాని తోకపట్టుకుని సన్నగా చిర్రుమని ఒక శబ్దం. గాజు సీసాలో తుమ్మెద పడ్డట్టు. ఎడమ పెట్టె అడుగునుంచి వచ్చేది. మొదట్లో నేను, నా చెవే కూస్తోందనుకున్నాను. ఈ వయసులో చెవిలో జోరీగలు చేరడం వింతేం కాదు. మా అమ్మాయి ఫ్రిజ్ అనుకుందిట. టపాకాయ ఏమీ అనుకోలేదు, దానికి తెలుసు. "అమ్మా, ఆ ఎడం స్పీకరు చిర్రుమంటోంది, నాన్నతో చెప్పనా?" అని అడిగింది. "నోర్ముయ్యవే, నాన్నకి వినబడంది నీకు వినబడిందా" అని కసిరింది తల్లి. నేను పక్కనే ఉన్నాను. ఓహో, ఇది నా చెవి కాదన్నమాట అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. చెవిగారికి ఆమాత్రం తెలీదా, పాటలో అదీ ఒక భాగమేమో, ఏదో వాయిద్యమేమో. అదీ గాక, కూతురింట్లో తినే మనిషిని నేను. అల్లుడి పనికి వంక పెట్టేదాన్నా. అలా ముగ్గురం మూడు కారణాలు చూసుకుని నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాం. ఆదివారం వచ్చేది. "ఇప్పుడెలా ఉంది?" అనేవారు. "బాగుంది" అనేవాళ్లం. చిర్రుమనేది.

ఇంతలో పళ్ల డాక్టరు వచ్చిపడ్డాడు. షాపు యజమానికి పాత పరిచయస్తుడు. కొత్తగా మేడ కట్టుకుని పైన హాలంతా చెక్క నేల పరిపించుకున్నాడు. మా ఇంట్లో ఉన్నలాంటి స్పీకర్లే కొన్నాడు గాని కింద ఏ కాళ్లు వెయ్యాలో తేలడంలేదుట. యజమాని అల్లుడుగార్ని పిలిచి, ఊరికి ఆ చివర కొత్తగా వినికిడి హాలు, అంటే స్పీకర్లు వినిపించి అమ్మే చోటు, పెడుతున్నాననీ, దాన్ని ఆయన చేతుల్లోనే పెడతాననీ, ముందు ఈ డాక్టర్ని ఒప్పించి పంపమనీ చెప్పాడు. ఆ సాయంత్రం అల్లుడుగారు ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా హాల్లో అటూ ఇటూ తిరిగారు. ఒకరి దగ్గర పనిచేసిన మనిషికి తనదంటూ ఒక హాలు. గోడలకి ఏ గుడ్డ వెయ్యాలో, సోఫా ఎక్కడ పెట్టాలో అప్పుడే ఆలోచించేసుకున్నారు. "ఆదివారం ఆయన్ని మనింటికి రమ్మన్నాను. రబ్బరూ స్పైకులూ రెండూ వినిపిస్తాను. మీరంతా ఉండండి" అన్నారు.

ఉన్నాం. ఎందుకున్నామా అని ఇప్పటికీ అనుకుంటాను.

డాక్టరు మెత్తటి మనిషి. పన్ను పీకేముందు మాట్లాడినట్టు మాట్లాడతాడు. మంచినీళ్లిస్తే రెండు చేతులతో అందుకున్నాడు. అల్లుడుగారు ఆయన్ని సోఫా మధ్యలో కూర్చోబెట్టి, ఆ చివర నన్నూ ఈ చివర మా అమ్మాయినీ కూర్చోబెట్టారు. టపాకాయ కింద కూర్చుంది. "మొదట స్పైకుల మీద వినండి. కళ్లు మూసుకోండి" అని పాట పెట్టారు. ఒకావిడ గొంతు, వెనకాల మద్దెల.

ఢమ్. చిర్రు.

 పరాయి మనిషి పక్కన కూర్చుంటే ఆ చిర్రు ఇంతకు ముందుకంటే పెద్దదైపోయింది. డాక్టరు ఒక కన్ను తెరిచాడు. మళ్లీ మూశాడు. మళ్లీ ఢమ్, మళ్లీ చిర్రు. ఈసారి రెండు కళ్లూ తెరిచాడు.

"ఏమీ అనుకోకండి. ఏదో చిర్రుమంటున్నట్టుంది."

"ఏదండీ?" అన్నారు అల్లుడుగారు.

"ఆ ఎడమ పక్కది. కింద నుంచి."

అల్లుడుగారు తల వంచి విన్నారు. మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత చిన్నగా నవ్వారు. అదే నేను మరిచిపోలేని నవ్వు, పెద్దవాళ్లు పిల్లల్ని చూసి నవ్వే నవ్వు. "కొత్త చెవికి అలాగే ఉంటుంది డాక్టరుగారూ. స్పైకుల మీద సన్న శబ్దాలు తేటగా బయటికొస్తాయి. ఇన్నాళ్లూ వినని శబ్దం కదా, గోలలా అనిపిస్తుంది. అలవాటైతే అదే బాగుంటుంది."

డాక్టరు కాసేపు ఊరుకున్నాడు. చిర్రు ఊరుకోలేదు. ఆయన నావైపు తిరిగి, మర్యాదగా, "మీకు వినబడటంలేదా అమ్మగారూ?" అన్నాడు.

కుక్కిన పేనులా కూర్చున్నదాన్ని నన్ను లాగాడు మధ్యలోకి. అల్లుడుగారు నావైపు చూస్తున్నారు. "నాకేం తెలుస్తుంది బాబూ, ముసల్దాన్ని" అన్నాను. మా అమ్మాయిని అడగకుండానే అది "మాకేం లేదండీ" అనేసింది. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు.

అప్పుడు టపాకాయ లేచింది. పిల్లదానికి ఓపిక చచ్చిపోయింది. "అబ్బ, మీరంతా ఏంటి" అని ఎడమ స్పీకరు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ముందు కాలి నట్టు మీద వేలు పెట్టింది. చిర్రు ఆగిపోయింది. మద్దెల ఒక్కటే ఢమ్మంది. వేలు తీసింది. ఢమ్, చిర్రు. "ఇదిగో నాన్నా, నట్టు వదులు. అంతే" అని నవ్వుతూ తలెత్తింది. నాన్న "అరె, అవునే" అని పానా తెస్తాడనుకుంది.

అల్లుడుగారు దాని వేలిని చూడటంలేదు. మా మొహాల్ని చూస్తున్నారు. వేలు పెట్టినప్పుడు మా ముగ్గురి మొహాలూ తేలికపడ్డాయి, తీసినప్పుడు ముడుచుకున్నాయి. ఆ మాత్రం ఆయనకి చాలు. పాట ఆయనకి ముందెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

"మళ్లీ పెట్టు" అన్నారు కూతురితో. పెట్టింది. "ఇప్పుడు ఉందా?"

మా అమ్మాయి చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"లేదండీ" అన్నాడు డాక్టరు.

"తియ్యి. ఇప్పుడు?"

"ఉందండీ."

టపాకాయ మొహంలో రక్తం లేదు. దానికప్పుడు అర్థమైంది. వేలు తన ఒళ్లోకి లాక్కుని, కాలినట్టు పట్టుకుంది.

అల్లుడుగారు వంగి పానా తీసుకున్నారు. నట్టు తిప్పారు. అలవాటు కొద్దీ పిడికిలితో పెట్టె నెత్తిన కొట్టారు. విన్నారు. మళ్లీ తిప్పారు, మళ్లీ కొట్టారు. ఎక్కడ ఆగాలో చెప్పేది లేదు ఆయనకి. మాలో ఒక్కరమన్నా చాలు బాబూ అనాలి. అనలేదు. ఇంకా తిప్పుతూనే ఉన్నారు, కర్రుమని లోపల మర జారిపోయింది. స్పీకరు ఒక పక్కకి ఒరిగింది. డాక్టరు గబుక్కున లేచి భుజం ఆనించి పట్టుకున్నాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషి, మడత నలగని చొక్కాతో, మా పెట్టెని మోస్తూ నిలబడ్డాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

పెట్టెని గోడకి ఆనించాక, డాక్టరు వెళ్లేటప్పుడు కూడా మంచిగానే వెళ్లాడు. "ఇంకోసారి చూద్దాంలెండి" అన్నాడు. అల్లుడుగారు గుమ్మందాకా వెళ్లి సాగనంపారు. తిరిగొచ్చి సోఫాలో కూర్చుని, ఒరిగిన పెట్టెకేసి చూస్తూ ఉండిపోయారు. టపాకాయ వెళ్లి పక్కన కూర్చుని "నీకు వినబడదని నాకు తెలీదు నాన్నా" అంది. "చెప్పింది నువ్వొక్కదానివేనమ్మా" అని దాని తల మీద చెయ్యి వేశారు. ఆ మాట మా ఇద్దరికీ తగిలింది, నాకూ మా అమ్మాయికీ.

సాయంత్రం నేను వంటింట్లో కూర తరుగుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వంటింట్లోకి రారు ఆయన మామూలుగా.

"అత్తయ్యా, మీకు ఎప్పట్నుంచి వినబడుతోంది?"

 "స్పైకులు రెండోసారి వేసినప్పట్నుంచి బాబూ."

"అంటే వానాకాలం ముందునుంచి."

"ఆఁ."

"నేను ప్రతి ఆదివారం అడిగాను కదా."

అడిగారు. నేనేం చెప్పను. మర్యాద అని చెప్పనా, భయమని చెప్పనా. ఆయన దగ్గర నేనెప్పుడూ భయపడింది లేదు. మంచిది అనిపించుకోవాలని అంతే. "మీకు తెలీకుండా ఉంటుందా అనుకున్నాను" అన్నాను. నా చెవికే అది చెత్తగా వినబడింది.

"కుక్కరు విజిలొచ్చిందని నేను హాల్లోంచి కేకెయ్యకపోతే, పనిలో ఉన్నాననుకున్నారా?"

"అనుకున్నాం."

తలాడించి వెళ్లిపోయారు. కోపం చూపిస్తే బతికిపోయేదాన్ని.

మర్నాడు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. సన్న శబ్దాలు పోయాయిట, పోయినవి తిరిగి రావుట. మాటలు వినడానికైతే మిషను సాయపడుతుందిట. ఇదంతా ఆయన భోజనం దగ్గర, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు చెప్పారు. "అయితే ఇన్నాళ్లూ చెడింది కాళ్లు కాదన్నమాట" అన్నారు. మా అమ్మాయి వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే యజమాని ఫోను చేశాడు. వినబడటానికని అల్లుడుగారు ఫోను పెద్దగా పెట్టుకున్నారు కాబట్టి మేమందరం విన్నాం. పళ్ల డాక్టరు ఆయనకి ఫోను చేశాట్ట. అల్లుడుగారి మాట ఒక్కటీ ఎత్తలేదుట. ఆ స్పీకర్లు చిర్రుమంటున్నాయి, నాకొద్దు, వేరేవి చూపించండి అన్నాట్ట.

"పెట్టెలోనే లోపం అయ్యుంటుందయ్యా" అన్నాడు యజమాని. "నువ్వొక్క మాట చెప్పు, తయారుచేసినవాళ్లకి వాపసు పంపించేస్తాను. చెవిగారు చెప్పారంటే వాళ్లూ నోరెత్తరు. హాలు సంగతి వచ్చేవారం మాట్లాడుకుందాం."

"సాయంత్రం చెప్తానండీ" అని పెట్టేశారు.

మా అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చేసింది. "పెట్టెదే లోపమని చెప్పేయండి. ఆయనే అంటున్నాడు కదా, మీరన్నది కూడా కాదు."

"పెట్టెలో లోపం లేదే."

"లేకపోతే? పెట్టెకి పరువు పోతుందా? హాలు చేతికొచ్చాక మీరు కూర్చుని చెప్తుంటే చాలు, బిగించేవాళ్లు బిగిస్తారు. ఇంటి గుట్టు ఇంట్లో ఉండనివ్వండి."

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, అలాంటివాణ్ణి వినికిడి హాల్లో కూర్చోబెడతావా?" అన్నారు. హాస్యానికే అన్నారేమో. నవ్విన పాపాన పోలేదు ఎవరూ.

"ఎవరికి తెలుస్తుందండీ" అంది మా అమ్మాయి. గొంతు పగిలింది దానికి. అది భర్త కోసం ఏడ్చిందా, నలుగురిలో తలెత్తుకోలేనని ఏడ్చిందా, నాకు తెలీదు. రెండూ ఉంటాయి.

ఆయన నావైపు తిరిగారు. "మీరేమంటారు అత్తయ్యా?"

ఇన్నేళ్లలో అంత కష్టమైన మాట నన్నెవరూ అడగలేదు. కూతురు కళ్లతోనే బతిమాలుతోంది, చెప్పమ్మా, చెప్పెయ్యమను అని. మింగలేక కక్కలేక, "నన్నడక్కండి బాబూ" అన్నాను. "మీరడిగినప్పుడల్లా బాగుందని చెప్పి చెప్పి నా నోటికి అదే అలవాటైపోయింది. ఇప్పుడూ అదే వస్తుంది."

 ఆయన ఫోను తీశారు. మమ్మల్ని వెళ్లమనలేదు.

"పెట్టెలు మంచివేనండీ. నట్టు నేను వదులుగా బిగించాను. నాకు ఆ శబ్దం వినబడదు."

అవతల యజమాని నవ్వాడు. "చెవిగారికి వినబడకపోవడమేంటయ్యా, పొద్దున్నే హాస్యం."

మధ్యాహ్నం దాటింది. ఆయన అది కూడా దిద్దలేదు. ఒకసారి చెప్పడమే గండమైతే రెండోసారి చెప్పాల్సి వచ్చింది. "హాస్యం కాదండీ. చెవి డాక్టరు పరీక్ష చేశారు. సన్న శబ్దాలు నాకు పోయాయి. ఏడాదిగా నేను బిగించినవన్నీ మళ్లీ చూడాలి. హాలు ఇంకెవరికైనా ఇవ్వండి."

అవతల మాట లేదు. చాలాసేపు లేదు. వినబడలేదేమో అనుకుని అల్లుడుగారు ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నారు. "ఏమన్నారండీ?" అన్నారు. ఆయనేమీ అనలేదు, ఆ సంగతి మాకు తెలుస్తూనే ఉంది. మళ్లీ "ఏమన్నారండీ?" అన్నారు. మా అమ్మాయి ఇక ఉండలేక వెళ్లి ఆయన భుజం పట్టుకుని "ఇంకా ఏమీ అనలేదండీ" అంది.

చివరికి యజమాని హాలు వేరేవాళ్లకిచ్చాడు. తప్పులేదు, ఇవ్వాల్సిందే. అల్లుడుగార్ని మానిపించలేదు. పెట్టెల్లో లోపం లేదని తెలిసి పళ్ల డాక్టరు అవే ఉంచుకుంటానన్నాడు, నువ్వే వాళ్లింటికెళ్లి కాళ్లు బిగించు, వినబడే మనిషినెవర్నైనా వెంట తీసుకెళ్లు అన్నాడు. మా అమ్మాయి రానంది. టపాకాయ వస్తానంది, కాని కూతురి వేలు చూస్తూ మళ్లీ ఆ పని చెయ్యడం ఆయన వల్ల కాదు. మిగిలింది నేను. అల్లుడికి అత్తగారి చెవులు అరువిచ్చారని మా చుట్టాల్లో తెలిస్తే పెళ్లిళ్లలో భోజనం మానేసి ఇదే చెప్పుకుంటారు.

డాక్టరు మేడ మీద హాలు అద్దంలా ఉంది. అడుగేస్తే చెక్క నేల కిందనుంచి బుంగలా మోగింది. అల్లుడుగారు చెప్పులు విప్పి, పానా తీసేముందే చెప్పేశారు. "డాక్టరుగారూ, మీకు స్పైకులు వెయ్యమని చెప్దామనుకున్నాను. ఇలాంటి చెక్క నేలకి రబ్బరే వెయ్యాలి. స్పైకులు మీ నేలంతటినీ మోగిస్తాయి. నాకు తేటగా వినబడాలని అందరికీ అవే చెప్పాను. ఆ రోజు మీరు విన్నది నిజం. నేను మిమ్మల్ని తప్పుబట్టాను."

డాక్టరు "అయ్యో, దానికేముందండీ" అన్నాడు. నేను గోడమీద గడియారం చూస్తూ నిలబడ్డాను. టైమెంతో ఇప్పుడు అడిగినా చెప్పలేను.

రబ్బరు కాళ్లకీ మరలు, నట్లు ఉంటాయి. షాపువాళ్ల టిక్కుమనే పానాతో ఒక్కొక్కటే బిగించారు. పిడికిలితో కొట్టలేదు. పాట పెట్టారు. నేను డాక్టరు పక్కన కుర్చీలో కూర్చున్నాను, చేతులు ఒళ్లో పెట్టుకుని, పరీక్ష హాల్లోలా. మద్దెల ఢమ్మంది.

"ఎలా ఉందత్తయ్యా?"

నోటిదాకా వచ్చేసింది బాగుందని. డాక్టరు కూడా తలాడిస్తున్నాడు. కాని కుడి పక్క, వెనకనుంచి, ఉందా లేదా అన్నట్టు ఒక చిర్రు. పరాయి ఇంట్లో, పరాయి మనిషి ముందు, అల్లుడి పని బాగాలేదని చెప్పాలి. నా చెవులు కాలిపోయాయి. "కుడి దాంట్లో ఉంది బాబూ, వెనకాల" అన్నాను. డాక్టరు చెవి రిక్కించాడు. "అవునండోయ్, సన్నగా" అన్నాడు.

వెనక కాలు గోడ వైపుంది. డెబ్బై కిలోల పెట్టెని మళ్లీ లాగడం కుదరక, ఆయన నేలమీద బోర్లా పడుకుని పక్కనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చారు. ఆ వెనకంతా దుమ్ము. తెల్ల చొక్కా భుజమంతా అంటుకుంది. నా కాళ్ల దగ్గర నా అల్లుడు తల. కాళ్లు కుర్చీ కిందకి లాక్కున్నాను.

"ఇప్పుడు?" అన్నారు కిందనుంచి.

"ఇంకా ఉంది."

పానా టిక్కుమంది. "ఇప్పుడు?"

విన్నాను. ఆవిడ గొంతుంది, మద్దెలుంది, మధ్యలో ఏమీ లేదు. నిజంగానే లేదు. "పోయింది బాబూ" అన్నాను. "ఒట్టు, పోయింది."

ఆయన మోచేతి మీద లేచి నా మొహంకేసి చూశారు. చూసి, తల తిప్పుకుని, "డాక్టరుగారూ, మీరు చెప్పండి" అన్నారు.

డాక్టరు నన్నొకసారి చూసి, పాట మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నాడు. ముగ్గురం విన్నాం. "లేదండీ. పోయింది" అన్నాడాయన. అప్పుడు అల్లుడుగారు లేచి నిలబడి, చొక్కా దులుపుకుని, పానా సంచిలో పెట్టుకున్నారు.